హెల్మెట్ తీసిన రోజు

"అప్పుడే బండి కొనిచ్చారా బాబుకి?"

బస్సులో పక్క సీటు పెద్దాయన మాటకు చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు.

ఆమె నవ్వలేదు. ఒళ్ళో ఉన్న కొడుకు తలకు నీలం రంగు హెల్మెట్. దాని అంచుల్లోంచి చెంపల మీదికి చెమట కారుతోంది.

తల వెనక ఒక పక్క చదునైపోయిందనీ, గుండ్రంగా రావడానికి పెట్టారనీ కనబడినవాళ్ళందరికీ చెప్పి చెప్పి విసుగెత్తిపోయింది. ఈసారి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంట్లో అత్తగారిది ఇంకో పాట.

"నేనూ పిల్లల్ని పెంచినదాన్నే. ఒక్కడికీ ఇలాంటి టోపీ అవసరం పడలేదు. పక్కలు మార్చి పడుకోబెడితే తల ఎందుకలా అవుతుంది?"

చిన్నోడు నెలలు నిండకుండా పుట్టాడు. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో చాలా రోజులు ఒకే పక్కకు పడుకుని ఉన్నాడు. అందుకే ఇలా అయిందని డాక్టర్ చెప్పింది. ఆ రోజుల్లో ఆమె పై అంతస్తులో ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. కాన్పు ప్రాణం మీదికి తెచ్చింది. కొడుకు ముఖం మొదటిసారి చూసుకునేసరికి వాడికి నెల దాటిపోయింది.

అయినా తప్పంతా తనదే అనిపించేది. స్నానానికి హెల్మెట్ తీసిన ప్రతిసారీ ఆ చదునును వేళ్ళతో తడిమి చూసుకునేది, నిన్నటికంటే తగ్గిందేమోనని.

రెండు వారాలకోసారి ఆసుపత్రికి వెళ్ళాలి. హెల్మెట్ లోపలి మెత్తను కాస్త చెక్కి, పెరిగే తలకు చోటు చేసి పంపేవాళ్ళు.

అక్కడ లిఫ్టు నడిపే ఆవిడ ఒకతె ఉండేది. బక్కపలచటి మనిషి. బూడిదరంగు యూనిఫాం. వీళ్ళు ఎక్కింది మొదలు దిగేదాకా పిల్లాడి మీంచి చూపు తిప్పేది కాదు.

"తగ్గుతోందా అమ్మా?" అని అడిగేది. "సరిగ్గా పడుకుంటున్నాడా? ఒక్కసారి ఆ హెల్మెట్ తీసి చూపిస్తారా?"

"ఇదేమన్నా తమాషానా?" అంది ఆమె ఒకసారి కటువుగా.

లిఫ్టావిడ తల దించుకుంది. తర్వాతిసారి మళ్ళీ అదే చూపు.

ఒకరోజు లిఫ్టు రెండు అంతస్తుల మధ్య పెద్ద కుదుపుతో ఆగిపోయింది.

చిన్నోడు గుక్కపట్టాడు. ఆమె జోకొట్టింది, ఊపింది, తాళాలగుత్తి గలగలలాడించింది. వాడు ఊరుకోలేదు. ముఖం కందిపోయింది.

"ఇటివ్వండమ్మా," అంటూ, ఇచ్చేలోపే లిఫ్టావిడ వాణ్ణి అందుకుంది. భుజానికి ఆనించుకుని వీపు నిమిరింది.

వాడు రెండు సార్లు వెక్కి, ఊరుకున్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. తన చేతుల్లో ఆగని ఏడుపు ఎవరో పరాయి మనిషి భుజం మీద ఆగిపోయింది!

కొడుకును లాక్కుంది.

"నా బిడ్డను ముట్టుకోమని నీకెవరు చెప్పారు? నీకూ పిల్లలుంటే తెలిసేది!"

లిఫ్టావిడ ఖాళీ చేతులు దించేసింది. మీటల వైపు తిరిగి నిలబడింది. లిఫ్టు కదిలేదాకా అలాగే నిలబడి ఉంది.

ఆమె అంతటితో వదల్లేదు. సూపర్‌వైజర్‌ని వెతికి పట్టుకుంది.

"పసిపిల్లల్ని చేతుల్లోంచి లాగేసుకుంటోంది. ఆవిడ చూపు చూస్తేనే నాకు భయంగా ఉంది."

"మేం చూసుకుంటాం మేడమ్."

సాయంత్రం విషయం విని భర్త మెల్లగా అన్నాడు. "అందాకా ఎందుకు? ఏదో ముచ్చటపడి ఎత్తుకుని ఉంటుంది."

"మీరు అక్కడ లేరుగా!" అందామె.

తర్వాత వెళ్ళేసరికి లిఫ్టులో ఎవరో నడివయసు మగమనిషి ఉన్నాడు. చిన్నోడి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆమెకు హాయిగా అనిపించింది.

నెలలు గడిచాయి. చిన్నోడు పాకడం నేర్చాడు, హెల్మెట్‌తో తలుపులను ఢీకొట్టి కిలకిలా నవ్వడమూ నేర్చాడు.

ఒక ఉదయం డాక్టర్ వాడి తలంతా అరచేతులతో తడిమి చూసి, హెల్మెట్‌ను పక్కన పెట్టేసింది.

"ఇక దీంతో పని లేదు."

ఆమె కొడుకు తలను ముద్దు పెట్టుకుంది. గుండ్రంగా, మెత్తగా, చెమట వాసనతో తగిలింది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

వరండాలో ఒక పెద్ద నర్సు ఎదురొచ్చింది. పసిపిల్లల వార్డు నర్సు. చూస్తూనే ఆగిపోయింది.

"మా పెట్టెలో పడుకున్న బుల్లిదొరేనా వీడు! హెల్మెట్ తీసేశారే! అయ్యో, మా లిఫ్టావిడ చూసి ఉంటే ఎంత మురిసిపోయేదో! ఎప్పుడు తీస్తారని నా ప్రాణాలు తోడేసేది."

"ఆవిడ ఇప్పుడు ఎక్కడుంది?"

"ఎవరో కంప్లైంట్ చేశారట, ఉద్యోగంలోంచి తీసేశారు. ఇల్లు కూడా ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే కలవడం లేదు."

ఆమె నర్సు చెయ్యి పట్టుకుంది.

"మా వాడంటే ఆవిడకెందుకంత..."

నర్సు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"తల్లికి తెలిస్తే మనసు చిన్నబుచ్చుకుంటుంది, మీ ఇంట్లో ఎవరికీ చెప్పొద్దంది. ఆవిడా అప్పుడే ఇక్కడే కాన్పయిందమ్మా."

ఆమె కొడుకును గట్టిగా హత్తుకుంది.

నర్సు వాడి బుగ్గ నిమురుతూ అంది.

"తన పాప పోయిన మర్నాటి నుంచి, మీరు లేచి కూర్చునేదాకా, వీడికి పాలిచ్చింది ఆవిడే."