వరదనాటి జ్వరం

"ఉదయ్ కడుపులో ఉన్నప్పుడు జ్వరం ఏమైనా వచ్చిందా అమ్మా?" అని అడిగింది డాక్టర్ జెస్సికా.

భారతమ్మ కొడుకు వైపు చూసింది. దవాఖానా కిటికీ అవతల గోదావరి మీద సన్నటి వాన పడుతోంది. పక్క కుర్చీలో కొడుకు ఉదయ్ భాస్కర్ ఆ వానలోకే చూస్తున్నాడు. కొత్తగూడెంలో డిగ్రీ చదువుతూ మధ్యలో మానేసి ఇంటికి వచ్చేశాడు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారంటాడు. జూలూరుపాడులో అందరూ గాలి సోకిందన్నారు. భారతమ్మ వినకుండా బస్సెక్కించి భద్రాచలం తీసుకొచ్చింది. కానీ పోయినసారి ఇచ్చిన మాత్రలన్నీ అతని దిండు కిందే దొరికాయి.

"నాది రోగం కాదు. నేనే చెడ్డోణ్ని. చెడ్డోనికి మాత్రలెందుకు?" అంటాడు.

"వచ్చింది," అంది భారతమ్మ చివరికి. "ఎనభయ్యారు వరదల. అప్పుడు మేం పినపాక దిక్కు, ఏటి ఒడ్డున ఉండేటోళ్లం. ఐదో నెల. ఊరు మునిగితే మిట్ట మీద బడిల పండుకోబెట్టిన్రు. ఒంటి మీద చెయ్యి పెడితే కాలేది. ఎటు జూసినా నీళ్లే. చంద్రుడు పైనొకడు, కిందొకడు. ఆ జ్వరంల ఒకటే కలవరింత. నా బిడ్డ ఈదుతున్నడు, చూడున్రి అని."

ఉదయ్ కిటికీ మీంచి చూపు తిప్పాడు.

"నాకెన్నడూ చెప్పలేదేందమ్మా?"

"ఎట్ల చెప్పాల్నో తెల్వలేదు నాయనా."

జెస్సికా కలం పక్కన పెట్టి, కుర్చీ అతని వైపు జరుపుకుంది. ఆమెది మధిర. మాట నెమ్మదిగా, జోకొడుతున్నట్టు ఉంటుంది.

"కడుపులో మెదడు పెరిగేటప్పుడు గ్లియా అనే కణాలుంటాయి ఉదయ్. ఆ చీకట్లో అవి సన్నటి తీగల్లా చాచుకుంటాయి. అప్పుడే పుట్టిన నాడీకణాలు ఆ తీగల్ని పట్టుకుని పాకుతూ పాకుతూ తమ చోటికి చేరతాయి. చేరాక కూడా గ్లియా వాటిని వదిలిపెట్టవు. తిండి అందిస్తాయి. అక్కర్లేని అల్లికలు తుంచేస్తాయి. చాలాకాలం వీటిని వట్టి జిగురే అనుకున్నారు."

"జ్వరమొస్తే?"

"తల్లికి గట్టి జ్వరమొస్తే అవి బెదరొచ్చు. అల్లిక అక్కడక్కడ తేడాగా పడొచ్చు. ఆ జ్వరం వల్లే నీకిలా అయిందని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. కానీ నువ్వు చెడ్డవాడివి కాబట్టి మాత్రం కాదు."

ఉదయ్ కళ్లు మూసుకున్నాడు. అతని కళ్ల ముందు నీళ్లు పరుచుకున్నాయి. వాటి అడుగున, వెచ్చటి చీకట్లో, కంటికానని ప్రాణమేదో తీగ పట్టుకుని పైకి పాకుతోంది. జారుతోంది. మళ్లీ పాకుతోంది. చెవిలోని గొంతులు కూడా ఆ నీళ్లలోకి దిగి మెత్తబడినట్టు అనిపించింది. భారతమ్మ చెయ్యి అందుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"అయితే ఆ వరదల ఇద్దరం ఉన్నమా అమ్మా?"

"అవ్ బిడ్డా. నువ్వూ ఉన్నవ్, నేనూ ఉన్న."

"భయమైందా?"

"మస్తు భయమైంది. నువ్వు దక్కుతవో లేదోనని."

అతను నవ్వాడు. ఆ ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో భారతమ్మకే గుర్తులేదు.

"మాత్రలు వేసుకుంట డాక్టర్. నేనే పోయి తెచ్చుకుంట," అని లేచి, చీటీ తీసుకుని మందులిచ్చే కిటికీ దగ్గరికి వెళ్లాడు.

జెస్సికా మళ్లీ కలం అందుకుంది. "మీ పుట్టింటివైపు గానీ, మీ ఆయనవైపు గానీ, ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉండేదా?"

"ఎవ్వరికీ లేదు."

"మంచిమాట. వంశంలో లేదని రాసుకుంటాను. మందు ఎన్నాళ్లు వాడాలో తేల్చడానికి అది చాలా అవసరం."

"అట్ల రాయకున్రి," అంది భారతమ్మ.

జెస్సికా తలెత్తింది. భారతమ్మ లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. తిరిగొచ్చి కూర్చుని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చాలా మెల్లగా చెప్పింది.

"ఆ వరదల నా కడుపులున్న బిడ్డ దక్కలే. వీణ్ని కన్నామె వేరే, పురిట్లనే పోయింది, డాక్టరమ్మా."