గులాబీ రంగు బెండు

“ముందు చేత్తో తాకండి. తిప్పి చూడండి. అదేందో తర్వాత చెబుదురుగాని,” అన్నారు మాల్యాద్రి సారు.

నెల్లూరు మ్యూజియానికి రేపు పంపాల్సిన పెట్టె బల్ల మీద ఉంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన వస్తువులను పాళెం వాళ్ళు ఏరి ఇచ్చారు. పంపేలోగా పిల్లలచేత పరిశీలన చేయిస్తున్నారాయన. పెట్టెలోంచి తాడు ముడి ఉన్న ఒక రబ్బరు ముక్క తీసి సుభాషిణి చేతిలో పెట్టారు.

“చెప్పు సార్!” పెంచల్ అరిచాడు. క్లాసంతా నవ్వింది.

“చెప్పేరా. సముద్రంలో చెప్పుకేం పని?”

“వల తేలేదానికి సార్. అరిగిన చెప్పుల్ని కోసి బెండ్లు కడతారు. మా నాయనా కడతాడు,” అన్నాడు పెంచల్.

“భేష్. ఎవరి చెప్పు?”

“చిన్నపిల్లది సార్. గులాబీ రంగు. వారు తెగితే పిన్నీసు పెట్టుకునింది. అదిగో, తుప్పు మరక ఉండాది.”

సుభాషిణి ఆ మరకను బొటనవేలితో కప్పేసింది. ఆ పిన్నీసు తను పెట్టుకున్నదే. చెప్పు పాతబడితే నాయన కామాక్షయ్య కోసి వలకు కట్టుకున్నాడు. పోయిన తుపానుకు ముందు ఆ వలతోనే వేటకు వెళ్ళాడు. పడవా రాలేదు, మనిషీ రాలేదు.

సముద్రం ఏదో ఒక ఆనవాలు తిరిగిచ్చేదాకా ఆడమనిషి బొట్టు తీయకూడదని పాళెం కట్టుబాటు. ఆనవాలు దొరికిందా, ఆ రోజే కర్మ. అమ్మ పోలేరమ్మ ఇప్పటికీ పొద్దున్నే ఒడ్డుకు పోయి చూసొస్తుంది. ఎసట్లో నాయనకూ కలిపి బియ్యం పోస్తుంది.

“ఏ ఊరి వలదై ఉంటుంది?” సారు అడిగారు.

“ముడి చూస్తే మనోళ్ళదే సార్,” పెంచల్ లేచాడు. “మా నాయన్ని పిల్చుకొస్తా. ఒక్క చూపుతో ఏ పడవదో చెప్తాడు.”

“చెప్పొచ్చావులే! నీకేం తెలుసురా?” సుభాషిణి ముక్కను గుప్పిట్లో మూసేసింది. “ఇది తమిళోళ్ళది సార్. మనోళ్ళు తాడు ఇట్ట చుట్టరు.”

“ఖాయమా?”

“ఖాయం సార్. పెట్టెలో వేసెయ్యండి.”

పెంచల్ మూతి ముడుచుకుని కూర్చున్నాడు. సారు ముక్కను పెట్టెలో వేసి మూత బిగించారు. అప్పుడుగానీ సుభాషిణి కూర్చోలేదు.

ఆయన మెచ్చుకోలుగా నవ్వారు.

“ఇది తెచ్చిచ్చిన మీ అమ్మా అదే చెప్పింది.”