ఎంతకీ తెమలని ఆట

లక్ష్ముడు వాడి తల నరికాడు. తల దొర్లుకుంటూ వెళ్లి గోడకు తగిలింది. మొండెం ఇంకా నిలబడే ఉంది. దాన్ని ఒక్క తన్ను తన్ని, పక్కవాడి పొట్టలో కత్తి దించి, మెలితిప్పి లాగాడు. టీవీ అంతా ఎరుపైంది.

"అన్నం తినరా," అంది తల్లి గున్నమ్మ గుమ్మంలోంచి.

"ఇంకో ముగ్గురున్నారమ్మా. సంపేసి తింతాను."

గున్నమ్మ కంచం మీద మూత పెట్టింది. వేట నిషేధం మొదలైనప్పటినుంచీ ఆ ఇంట్లో భోజనాలు శవాల వీలును బట్టి నడుస్తున్నాయి. పడవలన్నీ ఒడ్డెక్కాయి. గుడ్లు పెట్టుకునే చేపలకి ప్రభుత్వం రెండు నెలల అభయమిచ్చింది. ఒడ్డునున్న మనుషులకి మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

గున్నమ్మ భయమంతా అదే. నిషేధానికి ముందు ఆఖరి వేటలో నాగబాబు పడవ లక్ష్ముడి వలను చింపుకుంటూ పోయింది. ఒడ్డుకు రాగానే ఇద్దరూ కలబడ్డారు. లక్ష్ముడి నెత్తిన తెడ్డు విరిగింది. నాగబాబు చిటికెనవేలు తెగి ఇసకలో పడితే కాకి దాని చుట్టూ తిరిగి చూసింది. కుట్లు వేయించుకొచ్చిన లక్ష్ముడు తల్లి ముందే ఒట్టు పెట్టుకున్నాడు, మళ్లీ పడవలు నీళ్లలో దిగేలోపు నాగబాబుకి ఆ చెయ్యే లేకుండా చేస్తానని. ఆనాటినుంచి రెండిళ్ల ఆడవాళ్లకీ మాటల్లేవు. నాగబాబు పెళ్లాం కుసుమకుమారి కుళాయి దగ్గరకొస్తే, లక్ష్ముడి పెళ్లాం అమ్మడు మొహం తిప్పుకుని సగం నిండిన బిందెతోనే ఇంటికొచ్చేసేది.

ఇలాంటప్పుడు భోగాపురం విమానాశ్రయం పనుల్లో ఉన్న మేనల్లుడు బాబీ తన పాత ఆట మిషను తెచ్చి టీవీకి తగిలించి పోయాడు. గున్నమ్మ లెక్కలో అది నరకడానికి తర్ఫీదు. కొడుకు పొద్దున్నే లేచి మరీ సాధన చేస్తున్నాడు. ఇది ఎప్పటికి అవుతుందని బాబీ వచ్చినప్పుడు నిలదీసింది.

"పెద్దోల్లాడే ఆట పొట్టిగా ఉండాలత్తా," అన్నాడు బాబీ. "పన్లుంటాయి, పిల్లలుంటారు. నాలుగు సాయంత్రాల్లో తెమిలిపోవాల. అంతకన్నా పొడుగైతే అది ఆట గాదు, రెండో ఉజ్జోగం."

మరి ఇదెందుకు తెమలదో అతనికీ అంతుపట్టలేదు. తను వారంలో ముగించిన ఆట ఇది. బావ మధ్యాహ్నానికి కోట గుమ్మం దాకా వెళ్తాడు, కునుకు తీసి లేచేసరికి మళ్లీ మొదటి అడవిలో ఉంటాడు. వేసవి కదా, కరెంటు పోయినప్పుడల్లా ఆడినదంతా చెరిగిపోతోందేమో అని చేతులు దులుపుకున్నాడు.

అమ్మడైతే కరెంటువాళ్లనీ, ఆటనీ, అది తెచ్చిన బాబీనీ ఒకే ముద్దలో కలిపి తిట్టేది. మీసాలొచ్చినవాడికి ఈ బొమ్మల గొడవేమిటని ఊరంతా వినేలా అడిగేది. అత్తాకోడళ్లకి ఒక విషయంలో పొత్తు కుదరడం పెళ్లైన ఇన్నేళ్లలో ఇదే మొదలు. గున్నమ్మకు ముచ్చటేసేది.

నిషేధం ఇంకో వారంలో ముగుస్తుందనగా ఆమె తెగించింది. కోడలు ఇంట్లో ఉంటే మధ్యాహ్నం ఫ్యాను వేసి మొగుణ్ని పడుకోబెడుతుంది. ఆ కునుకులోనే ఆట చెరుగుతోంది. ఒక్కరోజు పడుకోకుండా ఆడితే పీడ వదిలిపోతుంది. అందుకని అమ్మణ్ని ఎండుచేపలు అమ్ముకు రమ్మని విజయనగరం పంపింది. ఇవాళ వద్దు, రేపు వెళ్తానని అమ్మడు చాలాసేపు మొరాయించింది కానీ, అత్త మాట నెగ్గింది.

గున్నమ్మ కొడుకు పక్కనే కూర్చుని టీ మీద టీ పోసింది. కోట తలుపు విరిగింది. కాపలావాళ్ల పేగులు మెట్లమీద జారాయి. వెనకొకడున్నాడని తనే చెప్పింది కూడా. చివరికి లక్ష్ముడు కోటలో రాజు రెండు కళ్లలోనూ కత్తులు దించాడు. తెర నల్లబడి, ఏవో పేర్లు పైకి పాకసాగాయి.

"అయిపోనాది," అన్నాడు.

గున్నమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. లక్ష్ముడు తన చేతులు చూసుకున్నాడు. ఏ పనీ లేకుండా ఉన్నాయి. నెత్తిమీద కుట్లు తడుముకున్నాడు. లేచి, చూరులోంచి కత్తి తీశాడు.

"ఎక్కడికిరా?"

"ఇంకొకడు మిగిలున్నాడు."

కాలే ఇసకలో చెప్పుల్లేకుండా గున్నమ్మ కొడుకు వెంట పరుగెత్తింది. ఆమె చేరేసరికి నాగబాబు ఇంటి తలుపు ఒక్క తన్నుకి ఊడింది. కుసుమకుమారి గోడకు అతుక్కుపోయింది. నాగబాబు మాత్రం వెనక్కి తిరగలేదు. వేలు తెగిన చేత్తో మీటలు నొక్కుతూ, టీవీ ముందు చెమటలు కక్కుతున్నాడు. టీవీలో అదే రాజు అతని పొట్ట చీలుస్తున్నాడు. ఈ పీడ ఈ కొంపలోకి ఎప్పుడు చేరిందో గున్నమ్మకు తెలియదు.

లక్ష్ముడు కత్తి ఎత్తాడు. తెరమీద నాగబాబు చచ్చాడు, లేచాడు, మళ్లీ అటునుంచే వెళ్లి మళ్లీ చచ్చాడు. ఎత్తిన చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది.

"కుడిపక్క పోతావేటిరా సన్నాసి," అన్నాడు చివరికి. "ఆడి వొల్లంతా ఇనుమే. కల్లల్లో పొడవాల."

"రెండు మీటలు ఒక్కపాలి నొక్కడానికి ఏలుండొద్దేటి," అన్నాడు నాగబాబు చూపు తిప్పకుండా. "అదెవడి సలవ?"

లక్ష్ముడు కత్తి గడపలో పెట్టి, పక్కన చతికిలబడ్డాడు. చెరో చెయ్యీ వేసి, రాజు కళ్లు పొడిచి, తల కోసి కోట గోడ అవతలికి విసిరేదాకా ఇద్దరూ ఊపిరి తీసుకోలేదు.

అప్పటికి అమ్మడు చేపలబుట్టతో రొప్పుతూ వచ్చింది. గడపలో కత్తిని చూసింది, టీవీ ముందు ఆనుకున్న రెండు తలల్నీ చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని, అలవాటు ప్రకారం ఆటని తిట్టడం మొదలెట్టింది. గోడవారన కూలబడి ఉన్న గున్నమ్మను ఎవరూ గమనించలేదు. కుసుమకుమారి మెల్లగా వచ్చి అమ్మడి చెవి దగ్గరకు వంగింది.

"రేపట్నించి మజ్జానాలు మనిద్దరం ఆట సెరపక్కర్నేదు గదా, వొదినా?"