పాత ప్రాసెసర్

చివరి మలుపులో సిలార్ కారు మళ్ళీ మొరాయించింది.

పక్కనుంచి ‘మెరుపు’ కారు దూసుకుపోయింది.

“పోయింది! మళ్ళీ పోయింది!” సిలార్ నెత్తి కొట్టుకున్నాడు.

ముందు గదిలో దూది ఏకే మిషన్ ఆపి, వాళ్ళమ్మ మాబూబీ తొంగిచూసింది. అద్దంకిలో వాళ్ళది పరుపులు కుట్టే దుకాణం. సిలార్ కంప్యూటర్ ఆ వెనక గదిలోనే ఉంటుంది.

“ఏం పోయిందిరా?”

“పందెం పోయిందమ్మా.”

“ఓస్, అంతేనా! దుకాణం తగలబడిందేమో అనుకున్నా.”

మెరుపు ఎవరో సిలార్‌కి తెలియదు. కంప్యూటర్ కారు పందేల్లో తగులుకున్న శత్రువు. ముఖం చూడలేదు, గొంతు వినలేదు. హైదరాబాదులో ఏసీ గదిలో, ఖరీదైన కంప్యూటర్ ముందు కూర్చున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడని మాత్రం గట్టిగా నమ్మాడు. అలా నమ్మితే ఓడినా కాస్త మనశ్శాంతిగా ఉంటుంది మరి.

“నా తప్పేం లేదమ్మా. ప్రాసెసర్ పాతబడింది.”

“అయితే కొత్తది కొనుక్కో.”

“వచ్చే నెల ఇంకా మంచిది వస్తుందంట.”

“పోయిన నెలా ఇదే అన్నావు. పత్తి ఇంట్లో పోసుకుని రేటు కోసం కూర్చునే రైతే నీకన్నా నయం. ఎప్పుడో ఒకప్పుడు అమ్ముతాడు!”

సిలార్‌కి రోషమొచ్చింది. అప్పటికప్పుడు మెరుపుకి మెసేజ్ కొట్టాడు.

‘శనివారం సాయంత్రం తేల్చుకుందాం. నేను ఓడితే అందరి ముందూ నిన్ను గురువుగారూ అని పిలుస్తా.’

‘అలాగే బాబూ’ అని జవాబొచ్చింది.

ఆ ‘బాబూ’ చూసి సిలార్‌కి ఒళ్ళు మండిపోయింది.

శనివారం పొద్దున్నే కంప్యూటర్‌ని బైకు వెనక కట్టుకుని ఒంగోలు వెళ్ళాడు.

షాపులో ఒకావిడ స్టూలు మీద కూర్చుని ఉంది. సగం నెరిసిన జుట్టు, ఒళ్ళో చేతిసంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న గోంగూర కట్టలు.

“ఇవాళ ఎలాగైనా కొత్త ప్రాసెసర్ పడాల్సిందేనన్నా,” అన్నాడు సిలార్ షాపతనితో. “సాయంత్రం పందెం ఉంది. మెరుపని ఒకడున్నాడులే, పెద్ద పొగరుబోతు.”

షాపతను కంప్యూటర్ తీసుకుని లోపలికెళ్ళాడు.

“మొదట్లో బాగానే నడుస్తుందా బాబూ?” ఆవిడ అడిగింది.

“నడుస్తుందండీ. కాసేపయ్యి వేడెక్కాక మొరాయిస్తుంది.”

“ఒకసారి మూత తీసి దులిపి చూడకపోయావా? మార్చే పనే ఉండదేమో.”

సిలార్‌కి నవ్వాగలేదు.

“దులిపితే బాగవడానికి ఇదేమన్నా పరుపా అండీ?”

ఆవిడ ఏమాత్రం నొచ్చుకోలేదు. తనూ నవ్వేసింది.

“అయితే ఆ పాతది నాకిచ్చెయ్యి. మా ఇంట్లో ఉన్నది దానికన్నా పాతది.”

“మీ అబ్బాయి ఆడతాడా అండీ?”

“ఆడేవాళ్ళున్నార్లే.”

షాపతను కొత్తది బిగించి, పాతదాన్ని ఫ్యానుతో సహా కవర్లో వేసి తెచ్చాడు. కవరు చూపిస్తూ ఏదో చెప్పబోయాడు గానీ, సిలార్ వినే స్థితిలో లేడు. ఆ కవరు ఆవిడ చేతిలో పెట్టేశాడు.

“ఊరికే తీసుకోండి. ఇంక నాకెందుకు!”

“ఊరికే ఎలా తీసుకుంటాను?” ఆవిడ సంచిలోంచి పండుమిర్చి పచ్చడి సీసా తీసింది. “మా చెల్లెలికని తెచ్చాను. దానికి మళ్ళీ పెడతాలే. తిని గట్టిగా ఆడు.”

మధ్యాహ్నం తల్లీకొడుకులు వేడన్నంలో ఆ పచ్చడి కలుపుకుని, నెయ్యి పోసుకుని, కళ్ళు తుడుచుకుంటూ తిన్నారు.

“ఎవర్రా ఇచ్చింది? చెయ్యి కడుక్కోబుద్ధి కావట్లేదు.”

“ఎవరో పాపం అమాయకురాలమ్మా.”

సాయంత్రం పందెం మొదలైంది. ఆటలో ఉన్నవాళ్ళంతా చూడ్డానికి చేరారు. సిలార్ కారు ఎక్కడా ఆగలేదు. అతని ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కానీ ఇవాళ మెరుపు కారు కూడా ఎప్పుడూ లేనంత జోరుమీదుంది. ఒకసారి ఇతను ముందు, ఒకసారి ఆ కారు ముందు. మాబూబీ కూడా మిషన్ వదిలేసి వచ్చి, కొడుకు కుర్చీ పట్టుకుని “తొక్కరా, తొక్కు!” అని కేకలు పెట్టింది.

చివరి మలుపులో మెరుపు వెంట్రుకవాసిలో గెలిచింది.

సిలార్ పగలబడి నవ్వాడు. ఓడిన బాధ వెతికినా దొరకలేదు. ఇంత మంచి పందెం ఎన్నడూ ఆడలేదు. అన్నమాట ప్రకారం అందరి ముందూ కొట్టాడు.

‘గురువుగారూ! దండాలు. మీరు వాడే ప్రాసెసర్ ఏంటో చెబుదురూ.’

‘నిన్నటిదాకా ఒక డొక్కుది’ అని జవాబొచ్చింది. ‘ఇవాళ ఒంగోల్లో ఇంకొకటి దొరికింది. ఫ్యాను నిండా దూదే. దులిపితే కొత్తదానిలా ఉంది.’

సిలార్ తల తిప్పి చూశాడు. ముందు గదిలోంచి దూది నూగు తేలుతూ వచ్చి, తీరిగ్గా కొత్త ప్రాసెసరున్న పెట్టె మీద వాలుతోంది.

అతని భుజం మీదుగా చదివిన మాబూబీ బుగ్గలు నొక్కుకుంది.

“దూది ఏకేవాళ్ళింట్లో పుట్టి, దూది కనపళ్ళేదట్రా నీకు!”

తెర మీద ఇంకో ముక్క వచ్చి పడింది.

‘ఇంతకీ పచ్చడి బాగుందా బాబూ?’