తేలికైన పిస్తోలు

దిండు కింద నుంచి తీసిన పిస్తోలు మరీ తేలికగా తోచింది. విప్పి చూస్తే అందులో ఒక్క తూటా కూడా లేదు.

మలయాలో బ్రిటిషువాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో, అడవి నుంచి వచ్చే కమ్యూనిస్టు గెరిల్లాలకు భయపడి, బాగన్ దాతుక్ కొబ్బరితోట గుమాస్తా అచ్చయ్య చవకగా కొన్నాడు దాన్ని. జేబులో ఇమిడిపోయేది. అయితే అది ఇంటికొచ్చాక అతనికి సరైన నిద్ర లేదు.

బయట ఎండుమట్ట చిటుక్కుమంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. కేకేస్తే పలికే ఇల్లు దగ్గర్లో లేదు.

"జయమణీ, తూటాలేటయినాయి?"

మంచం మీద నుంచి కాదు, గది మూల నుంచి పలికింది భార్య.

"నేనే తీసి కాలవలో పారేసినాను. నిన్న రాత్రి మీరు నిద్రలోనే లేచి, దాన్ని నా నుదుటికి ఆనించి, 'ఎవరు నువ్వు?' అని అడిగినారు. పేరు చెప్పినాను. మీరు నమ్మలేదు."