నురగ

“దొంగచాటుగా నీళ్ళు పోస్తున్నదెవరు? నిజం చెప్పు!”

గైడు మేడం వేలు రెండో ట్రే మీదుంది. దానికి ఇరవై రెండు రోజులుగా చుక్క నీరు లేదు. మన్ను బీటలు తీసింది. చిక్కుడు మొలకలు మాత్రం నవనవలాడుతున్నాయి.

“ఒట్టు మేడం, తాళం నా దగ్గరే ఉంది. పది రోజులుగా రాత్రిళ్ళు కూడా ఈ ట్రే పక్కనే పడుకుంటున్నాను,” అంది పరిశోధక విద్యార్థిని.

“ఎండగడితే ఎంజైము తగ్గాలి, ఆకు ముసలిదవ్వాలి. ఇవేమో పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి! ఇప్పుడే పరీక్ష చేద్దాం. నురగ బాగా వచ్చిందా, నీళ్ళు పోసినట్టే. నీ పట్టా మీద ఆశ వదులుకో.”

అమ్మాయి ఇంటిల్లిపాదిలో అదే మొదటి పట్టా.

ఫోను మోగింది. అమ్మ.

“నీళ్ళు తాగుతున్నావా తల్లీ? నిన్న వీడియోలో చూస్తే నాకంటే ముసలిదానిలా ఉన్నావు.”

“దాహమే వెయ్యట్లేదమ్మా. మళ్ళీ చేస్తా.”

రోజూ నీళ్ళు పోసే ట్రేలోంచి ఒక ఆకు తుంచి, గొట్టంలో వేసి పెరాక్సైడు పోసింది. ఆకులో ఎంజైము ఎంతుంటే నురగ అంత. బెత్తెడు లేచింది.

ఎండగట్టిన ట్రేలోది వేసింది. నురగ బుస్సుమని పొంగి, గొట్టం దాటి, బల్ల మీదుగా నేలకు కారింది.

మేడం తిట్టబోయి ఆగింది. “ఇదేంటి? ఇవి కిటికీ వైపు కదా వాలాలి?”

మొలకలన్నీ అమ్మాయి పక్క వేసుకునే మూల వైపు వాలి ఉన్నాయి.

“ఇంకొక్కసారి చూస్తాను మేడం.” ఆకు కోయబోయింది. బ్లేడు జారి వేలు తెగింది. ముదురు చుక్క ఒకటి బద్ధకంగా పైకొచ్చి అక్కడే ఆగిపోయింది.

“అయ్యో, ఇటు చూపించు!” మేడం కోపం మరిచి పెరాక్సైడు సీసా అందుకుంది. “చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే ఇదే పోసేవాళ్ళు. నెత్తురు తగిలితే ఆకు కంటే ఎక్కువ పొంగుతుంది. కాస్త మండుతుంది, ఓర్చుకో.”

పోసింది.

“మండుతోందా?”

“లేదు మేడం.”

మేడం మళ్ళీ పోసింది. సీసా ఖాళీ అయ్యేదాకా పోసింది. వేలి మీద ఒక్క బుడగైనా లేవలేదు.