ఖాళీ డిస్కు

మధ్యాహ్నం లోడ్‌షెడ్డింగ్ అయిపోయి కరెంటు వచ్చింది. కంప్యూటర్ మాత్రం మళ్లీ లేవలేదు.

నల్లటి తెర మీద తెల్లని అక్షరాలు నాలుగు వరుసలు వచ్చి ఆగిపోయాయి.

"ఏమయ్యా, చిలుక బొమ్మ వస్తలేదు" అంది జనాబాయి.

తెర మీది ఆ బొమ్మ నొక్కితే కొడుకు గొంతు వినిపిస్తుంది. ప్రథమేశ్ కొత్త మైకు తెచ్చిన రోజు, అది పని చేస్తుందో లేదో చూడడానికి తల్లితో మాట్లాడుతూ రికార్డు చేసిన నాలుగు నిమిషాలు.

"అవ్వా, పిట్లల మళ్ల ఉప్పు మరిచినవ్" అని శనగపిండి కూర మీద ఫిర్యాదుతో మొదలవుతుంది. చివర ఇద్దరి నవ్వూ ఉంటుంది.

ప్రథమేశ్ రైలు ప్రమాదంలో పోయి మూడు నెలలు. రోజూ ఆ నాలుగు నిమిషాలు విన్నాకే జనాబాయి అన్నం తింటుంది.

ఆమె భర్త రామచందర్ కంప్యూటర్ పెట్టెను తువ్వాలలో చుట్టాడు. ఆటోలో ఒళ్లో పెట్టుకొని నాందేడ్ బజారులో నందకిషోర్ కంప్యూటర్ దుకాణానికి తీసుకుపోయాడు.

"కాకా, గిండ్ల విండోస్ లేదు, లైనక్స్ ఉన్నది. ఎవరు ఎక్కిచ్చిండ్రు?" అన్నాడు నందకిషోర్.

"మా పోరడు. దొంగ సీడీ మనకెందుకు బాపూ, గిది అందరిది, వైరస్ సుత రాదు అనెటోడు."

"పైసల్లేకుండ అచ్చే ఫుకట్ మాల్ కాకా. ఫుకట్‌ది గిట్లనే దగా చేస్తది. విండోస్ ఎక్కిస్త. సాయంత్రానికి తీస్కపో."

"అండ్ల మా పోరని గొంతు ఉన్నది. అది పోవద్దు. గదొక్కటే గావాలె మాకు."

"ఉంటే యాడికి పోతది?"

దుకాణం మెట్ల మీద కూర్చున్న మనిషి లేచాడు. మాసిన గడ్డం, పిన్నీసు పెట్టిన చెప్పులు, భుజాన గుడ్డసంచి.

"కాకా, గీడ ఇయ్యకు. నాకియ్యి. నీ ముంగటనే లేపుత. ఒక్క గంట."

నందకిషోర్ నవ్వాడు.

"అచ్చిండు మా ఇంజనీర్ సాబ్! పేరు గజానన్. ముద్ఖేడ్ నుంచి రోజూ రైలెక్కి అస్తడు, నా గిరాకీ చెడగొడతడు. జర గీడ తిరుగుతది కాకా" అంటూ తల పక్కన వేలు తిప్పాడు.

"ఎంత తీస్కుంటవ్?" అని అడిగాడు రామచందర్.

"ఏం వద్దు కాకా."

ఆ మాటతోనే రామచందర్‌కు అనుమానం వచ్చింది. ముప్ఫై ఏళ్లు పత్తి మిల్లు గేటు దగ్గర కాపలా కాసిన మనిషి. ఏమీ వద్దని లోపలికి వచ్చినవాళ్లనే ఎక్కువ సోదా చేసేవాడు.

"నీ పని నువ్వు చూస్కో, పో."

"సరె, నాకియ్యకు. ఒక్క మాట యాదికుంచుకో. విండోస్‌కు లైనక్స్ రాత చదవరాదు. చదవరాక, డిస్కు ఖాళీ ఉన్నదంటది. ఫార్మాట్ చెయ్యాల్నా, అంటె అంత తుడిచెయ్యాల్నా అని అడుగుతది. హా అనకు కాకా. కాల్మొక్కుత, హా అనకు."

నిజంగానే వంగాడు. నందకిషోర్ రెక్క పట్టి మెట్లు దింపాడు.

గజానన్ గొడవ పెట్టుకోలేదు. రోడ్డు దాటి అవతల ఎండలో నిలబడ్డాడు.

పావుగంట తర్వాత నందకిషోర్ తెర ఇటు తిప్పాడు.

"చూడు కాకా. డిస్కు ఖాళీ. అండ్ల ఏం లేదు."

"మా ఆమె నిన్న సుత విన్నది."

"నిన్న ఉండొచ్చు. కరెంటు దెబ్బకు పోయింది. నేను చెప్తలేను, కంప్యూటరే చెప్తున్నది. ఫార్మాట్ చెయ్యాల్నా?"

రామచందర్ రోడ్డు వైపు చూశాడు.

గజానన్ రెండు చేతులూ తలపైకెత్తి వద్దు, వద్దు అని ఊపుతున్నాడు. అరటిపండ్ల బండి దగ్గర నలుగురు అతన్ని చూసి నవ్వుతున్నారు.

ఆ పిచ్చివాడి మాట వింటే తననూ చూసి నవ్వుతారనిపించింది. సిగ్గేసింది.

"హా. కానియ్యి" అన్నాడు రామచందర్.

సాయంత్రం ఇంట్లో కొత్త తెర వెలిగింది. నీలాకాశం, పచ్చగడ్డి.

జనాబాయి హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చుంది.

"చిలుక ఏది?"

"పోయిందట. కరెంటు పోయినప్పుడే పోయిందట."

ఆ మాట అంటున్నప్పుడు అతనికే నమ్మకం కలగలేదు.

జనాబాయి హెడ్‌ఫోన్ తీయలేదు. అన్నానికీ లేవలేదు.

మర్నాడు పొద్దున్నే రామచందర్ ముద్ఖేడ్ పాసింజర్ ఎక్కాడు. స్టేషన్ వెనుక గజానన్ ఇల్లు ఏదంటే టీ కొట్టాయన చూపించాడు. తలుపు తీసింది అతని భార్య గోదావరి.

"మొదటి బండికే నాందేడ్ పోయిండు కాకా. ఏం పని?"

రామచందర్ జరిగింది చెప్పాడు.

"హా అన్న బిడ్డా. గిప్పుడు ఆయన పట్టుకుంటే ఎన్కకు అస్తదా?"

గోదావరి తల అడ్డంగా ఊపింది.

"పైన ఇంకోటి ఎక్కిచ్చినంక రాదు కాకా. అచ్చేదుంటే మాకే అచ్చేది."

ఆమె వెనుక గోడకు ఒక పటం వేలాడుతోంది. పూలదండ వేసి ఉంది. అద్దం వెనుక తెల్ల అట్ట తప్ప ఏమీ లేదు.

"గదెవరిది బిడ్డా?"

"మా శివానిది. రెండేండ్లకే జరమొచ్చి పోయింది. ఫోటోలన్నీ మా తమ్ముడు లైనక్స్‌ల దాచిపెట్టిండు. కాయితం మీద ఒక్కటి సుత తీపియ్యలే."

రామచందర్ గడప మీద కూర్చున్నాడు.

గోదావరి నీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టింది.

"గప్పుడు మాకు నాందేడ్‌ల కంప్యూటర్ దుకాణం ఉండె కాకా. విండోస్ మా తమ్ముని డిస్కు ఖాళీ అని చూపెడితే, మా ఆయన చేత్తోటే హా అని నొక్కిండు."